హీటర్ ఫ్యాన్ పూర్తిగా ఆగిపోయింది, మోటారే మార్చాలా?

ప్రశ్న (నల్లగొండ నుంచి)

అందరికీ నమస్కారం. నాది గుండ్రటి నాబ్ తిప్పి నాలుగు స్పీడ్లు మార్చుకునే పాత పెట్రోల్ కారు. వానాకాలం నుంచే బ్లోయర్ (హీటర్, ఏసీ గాలిని తోసే ఫ్యాన్) మొదటి మూడు స్పీడ్లలో పలకడం మానేసి, నాలుగో స్పీడులో మాత్రమే కొంచెం మూలుగుతూ తిరిగేది. ఇప్పుడు ఆ నాలుగోదీ పోయింది. తెల్లవారకముందే బయలుదేరి నార్కట్‌పల్లి మీదుగా హైదరాబాద్ వెళ్లే పని తరచుగా ఉంటుంది. ఈ చలికాలపు పొగమంచులో ముందు అద్దానికి లోపలివైపు ఆవిరి పట్టిందంటే దారి కనిపించడం లేదు.

బ్లోయర్‌కు చెందిన 30 ఆంపియర్ల ఆకుపచ్చ ఫ్యూజ్ తీసి చూశాను, తీగ తెగలేదు. నాబ్ తిప్పి ఏసీ బటన్ నొక్కితే ఇంజన్ వైపు కంప్రెసర్ పట్టుకున్న చప్పుడు వినిపిస్తుంది, గాలి మాత్రం రాదు. మెకానిక్ డ్యాష్‌బోర్డు కింద చేయి పెట్టి చూసి, మోటారు కాలిపోయిందనీ, సెట్టు మొత్తం మార్చాలనీ చెప్పారు. అంత డబ్బు పెట్టే ముందు మోటారే పోయిందని తేల్చుకునే మార్గం ఉంటే దయచేసి చెప్పగలరు.

సమాధానం (జడ్చర్ల, ఆటో ఎలక్ట్రికల్ పని చేసేవారు)

మీరు చెప్పిన వరుసలోనే సగం జవాబు ఉంది. ఇలాంటి నాబ్ ఉన్న కార్లలో మొదటి మూడు స్పీడ్లకు కరెంటు రెసిస్టర్ (కరెంటును తగ్గించే భాగం) గుండా వెళ్తుంది, నాలుగో స్పీడుకు మాత్రం దాన్ని తప్పించుకుని నేరుగా వెళ్తుంది. కాబట్టి వానాకాలంలో పోయింది రెసిస్టర్, మోటారు కాదు. అది కాలిపోయినా నాలుగో స్పీడు తిరుగుతూనే ఉంటుంది. ఇప్పుడు నాలుగోది కూడా ఆగిందంటే మోటారు లోపలి కార్బన్లు (తిరిగే భాగానికి కరెంటు అందించే ముక్కలు) అరిగిపోయి ఉండాలి, లేదా స్విచ్చు దగ్గరో కప్లర్ (తీగలను కలిపే ప్లాస్టిక్ ప్లగ్గు) దగ్గరో ఏదో ఒక పిన్ను మాడి ఉండాలి. నాబ్ తిప్పాక కంప్రెసర్ పట్టుకుంటోందని అన్నారు కాబట్టి స్విచ్చు పూర్తిగా చచ్చిపోలేదని నా ఊహ, ఎందుకంటే చాలా పాత మోడళ్లలో ఏసీకి అనుమతి ఆ స్విచ్చు మీదుగానే అందుతుంది. తేలేదాకా ఏసీ మాత్రం వేయకండి. గాలి ఆడకుండా కంప్రెసర్ నడిస్తే కూలింగ్ కాయిల్ మీద మంచు పేరుకుంటుంది.

గ్లవ్ బాక్స్ విప్పితే ఎడమ చివర బ్లోయర్ కనిపిస్తుంది. కప్లర్ ఊడదీయకుండా, ఇగ్నిషన్ ఆన్ చేసి, నాబ్‌ను నాలుగులో పెట్టి, మల్టీమీటర్ మొనలను కప్లర్ వెనుక నుంచి రెండు తీగలకూ ఒకేసారి తాకించండి. 12 వోల్టుల చుట్టుపక్కల చూపించినా మోటారు తిరగకపోతే తప్పు మోటారుదే, మీ మెకానిక్ మాటే నిజం. సున్నా చూపిస్తే మాత్రం అక్కడ ఆగకుండా, మల్టీమీటర్ నల్ల మొనను కారు బాడీకి పెట్టి రెండు పిన్నులనూ విడివిడిగా కొలవండి. చాలామంది పొరబడేది ఇక్కడే. అనేక కార్లలో మోటారుకు ప్లస్ ఎప్పుడూ అందుతూనే ఉంటుంది, స్విచ్చూ రెసిస్టరూ ఎర్త్ (మైనస్, అంటే కారు బాడీ) వైపు ఉంటాయి. అలాంటి బండిలో ఎర్త్ దారి తెగితే రెండు పిన్నుల దగ్గరా 12 వోల్టులే కనిపిస్తాయి. ఒక్క పిన్నుకు టెస్ట్ ల్యాంప్ పెట్టి చూసినవారు కరెంటు వస్తోంది, మోటారు తిరగడం లేదు అనుకుని కొత్త మోటారు బిగిస్తారు, అదీ తిరగదు. నిజానికి రెండు పక్కలా 12 రావడం మోటారు లోపలి చుట్ట తెగలేదనడానికి గుర్తు. రెండు పక్కలా సున్నా వస్తే రిలే (పెద్ద కరెంటును కలిపే స్విచ్చు), ఇగ్నిషన్ వైపు వెతకాలి.

సమాధానం (మిర్యాలగూడ)

పై సలహాతో పాటు ఏసీ ఫిల్టర్ కూడా ఒకసారి బయటికి తీసి చూడండి. రెసిస్టర్‌ను గాలి వెళ్లే గొట్టంలో బిగించేదే ఆ గాలికి అది చల్లబడాలని. మా దగ్గర బియ్యం మిల్లుల పక్కన నిలబెట్టే బండ్లలో ఊక దుమ్ముతో ఫిల్టర్ అట్టలా గట్టిపడుతుంది, గాలి తగ్గి రెసిస్టర్ వేడెక్కి మాడుతుంది. కొత్తది వేసినా ఫిల్టర్ మార్చకపోతే అదీ ఎక్కువ కాలం నిలవదు. పత్తి నిల్వ చేసే ఇళ్ల దగ్గర పెట్టే బండ్లలోనైతే ఎలుకలు దూది తెచ్చి ఫ్యాన్ చక్రంలోనే గూడు కడతాయి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. రెండు తీగల మధ్య సున్నా, బాడీకి పెట్టి కొలిస్తే రెండు పిన్నుల దగ్గరా 12 వోల్టులు వచ్చాయి. ఆ ఆధారంతో నాబ్ వెనుక స్విచ్చు కప్లర్ ఊడదీస్తే నాలుగో స్పీడు పిన్ను చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకు మాడి కరిగి ఉంది, పిన్ను వదులైపోయింది. రెసిస్టర్ తీగ కూడా తెగి ఉంది. బ్లోయర్‌ను బయటికి తీసి బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇస్తే తిరిగింది కానీ మూలుగు పోలేదు. చక్రం నిండా వేపాకులూ దూది పోగులూ ఉన్నాయి. ఇప్పుడు కప్లర్, రెసిస్టర్ మారిస్తే సరిపోతుందా?

సమాధానం (జడ్చర్ల)

సరిపోదు. పిన్ను ఊరికే మాడదు, బిగుసుకున్న మోటారు ఎక్కువ కరెంటు లాగితేనో, పిన్ను వదులైతేనో మాడుతుంది, మీ బండిలో రెండూ కలిశాయి. ముందు చక్రం శుభ్రం చేసి వేలితో తిప్పండి. వదిలిన తరువాత కూడా తేలికగా ఒకటి రెండు చుట్లు తిరగాలి. వెంటనే ఆగితే బుష్ (ఇరుసు తిరిగే గూడు) ఎండిపోయినట్టు, అప్పుడు ఇరుసు దగ్గర ఒకటి రెండు చుక్కల పలుచటి మెషిన్ ఆయిల్ వేయండి, అంతకు మించితే కార్బన్ల మీదికి దిగుతుంది. ఆ తరువాత డీసీ కొలిచే క్లాంప్ మీటర్‌తో (తీగ చుట్టూ పట్టించి కొలిచేది) నాలుగో స్పీడు కరెంటు చూడండి. మామూలు మల్టీమీటర్‌ను మధ్యలో కలపకండి, దాని హద్దు సాధారణంగా 10 ఆంపియర్లే. చిన్న కార్ల మోటారు పూర్తి వేగంలో 20 ఆంపియర్లు దాటి లాగుతుంటే దానిమీద నమ్మకం పెట్టుకోకపోవడమే మేలు. అప్పుడు మోటారు ఒక్కటే కొనండి, సెట్టు మొత్తం అక్కరలేదు.

కప్లర్‌ను అదే మందం తీగలున్న కొత్తదానితో మార్చి, అతుకులను సోల్డర్ చేసి స్లీవ్ వేయించండి. తీగలను ఊరికే మెలిపెట్టి టేపు చుడితే మళ్లీ అదే చోట మాడుతుంది. 30 ఆంపియర్ల చోట 40 ఆంపియర్ల నారింజ రంగు ఫ్యూజ్ వేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అప్పుడు ఫ్యూజ్ కంటే ముందు వైరింగ్ కాలుతుంది.

సమాధానం (అచ్చంపేట)

పని పూర్తయ్యేదాకా చీకటితో ప్రయాణం వాయిదా వేసుకోగలిగితే మంచిది. తప్పదంటే బయటి గాలి లోపలికి వచ్చే మోడ్‌లో పెట్టి, గాలిని అద్దం వైపు మళ్లించి, కిటికీలు రెండు వేళ్ల మందం దించండి. బండి వేగానికి కొంత గాలి దానంతటదే వస్తుంది. ఫ్యాన్ బాగయ్యాక హీటర్, ఏసీ రెండూ కలిపి అద్దం మీదికి వదలండి. ఏసీ గాలిలోని తేమను తీస్తుంది, హీటర్ అద్దాన్ని వేడి చేస్తుంది. మన్ననూరు దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు నేను చేసేది ఇదే.