సగంలో ఆగిన ముక్కల బొంత: ఇంట్లో చేతితో ముగించాలా, బయట మిషను కుట్టుకు ఇవ్వాలా?

బ్రాడీపేట గృహిణి, గుంటూరు:

చాలా ఇళ్లలో ట్రంకు పెట్టెల అడుగున పడి ఉండే విషయం కనుక చర్చకు పెడుతున్నాను. పాత నేత చీరల ముక్కలు, జాకెట్లు కుట్టగా మిగిలిన కట్‌పీసులు కలిపి కుట్టిన బొంత పైభాగం మా ఇంట్లో సిద్ధంగా ఉంది. వెడల్పు 60 అంగుళాలు, పొడవు 90 అంగుళాలు. నడుమ ఉన్న పెద్ద గడిలో మామిడి పిందెలు, రెండు చిలకలు అప్లిక్ పనిలో, అంటే బొమ్మ ఆకారంలో కోసిన గుడ్డ ముక్కలను పైన పెట్టి కుట్టే పనిలో, ఉన్నాయి. ఇక మిగిలిందల్లా మధ్య పొర పరిచి, అడుగున అస్తరు వేసి, మూడింటినీ కలిపి కుట్టి, చుట్టూ పట్టీ వేయడమే. అయినా ఆ పనే ముందుకు సాగడం లేదు. పరుపులు, దుప్పట్లు కుట్టే దుకాణంలో ఇస్తే దూది కూడా పెట్టి రెండు రోజుల్లో చేతికిస్తారని విజయవాడలో ఉన్న మా ఆడపడుచు అంటోంది. ఇంత చేతిపని చేసి చివరకు మిషను కింద పెట్టడమేమిటని మా అత్తగారు అంటున్నారు. ఈ పని చేసినవారు కారణాలతో సహా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

సత్యనారాయణపురం పెద్దమ్మ, విజయవాడ:

నేను మీ అత్తగారి పక్షమే, అయితే ఆవిడ చెప్పిన కారణం వల్ల కాదు. చేతిపని గొప్పది, మిషను తక్కువది అన్న వాదం మీద నాకు నమ్మకం లేదు. మన జాకెట్లన్నీ మిషను మీద కుట్టినవే కదా. ఇక్కడ చూడవలసింది గుడ్డ వయసు. ఏళ్ల తరబడి ఉతికిన చీర ముక్క పక్కన నిన్న కొన్న పాప్లిన్ ముక్క ఉన్నప్పుడు, లాగుడు ఎప్పుడూ పాత ముక్క మీదే పడుతుంది. మిషను సూది బిగువుగా, దగ్గర దగ్గరగా చిల్లులు పొడుచుకుంటూ పోతుంది కాబట్టి, నలిగిన పోగుల మీద ఆ వరస తపాలా బిళ్ళల మధ్య ఉండే చిల్లుల గీతలా తయారై, బొంతను దులిపినప్పుడో ఉతికి పిండినప్పుడో సరిగ్గా కుట్టు వెంబడే గుడ్డ పిగులుతుంది. చేతితో వేసే దూరపు కుట్టులో దారానికి కొంత సడలింపు ఉంటుంది. లాగుడు వచ్చినప్పుడు దారం జరుగుతుంది, గుడ్డ నిలుస్తుంది.

రెండో కారణం ఆ చిలకలు. దుకాణంలో ఒక కొస నుంచి మరో కొసకు వరసలు లాక్కుంటూ పోతారు. చిలక మెడ మీదుగా వరస పోయినా వారు ఆగరు. వారు తీసుకునే కూలికి అంత తీరిక గిట్టుబాటు కాదు కనుక ఆగమని అడగడం కూడా సబబు కాదు. అప్లిక్ బొమ్మ అంచుకు బయటగా, గోరంత దూరంలో, దాని ఆకారం వెంటే ఒక వరస కుట్టు తిరగాలి. అప్పుడే చుట్టూ ఉన్న గుడ్డ అణిగి బొమ్మ పైకి ఉబ్బుతుంది.

పని తీరు కూడా చెబుతాను. అస్తరును తిరగవేసి నేల మీద పరిచి, దాని మీద మధ్య పొర, ఆపైన మీ ముక్కల గుడ్డ పరవండి. కింది రెండు పొరలూ నాలుగు వైపులా రెండేసి అంగుళాలు ఎక్కువగా ఉండాలి. నడుమ నుంచి మొదలుపెట్టి జానెడు దూరాన నిలువుగా, అడ్డంగా పొడవాటి టాకాలు వేసుకోండి. అసలు కుట్టు కూడా నడుమ నుంచే మొదలవాలి. అంచుల నుంచి మొదలుపెడితే వదులు గుడ్డంతా మధ్యకు చేరి ముడత పడుతుంది, కుట్టు విప్పితే తప్ప ఆ ముడత పోదు. దారం ముడిని పైన వదలకండి. సూదిని పై గుడ్డలోంచి దూర్చి దారాన్ని ఒక్క చిన్న గుంజు గుంజితే, ముడి టప్పుమని గుడ్డలోంచి దిగి మధ్య పొరలో దాక్కుంటుంది.

వన్‌టౌన్ దర్జీ, విజయవాడ:

పెద్దమ్మ గారి మాటను గౌరవిస్తూనే లెక్క చెప్పి మాట్లాడతాను. 60కి 90 బొంతకు మూడు అంగుళాల దూరాన నిలువు వరసలు వేస్తే సుమారు 20 వస్తాయి, ఒక్కొక్కటి 90 అంగుళాలు. అడ్డం వరసలు సుమారు 30, ఒక్కొక్కటి 60 అంగుళాలు. రెండూ కలిపి 3,600 అంగుళాలు, అంటే 100 గజాల కుట్టు. అంగుళానికి ఆరు కుట్ల చొప్పున 21,600 కుట్లు. బొంతలు ట్రంకు పెట్టెల్లో ఉండిపోతున్నది ఇల్లాళ్ల సోమరితనం వల్ల కాదు, ఈ లెక్క వారికి ముందుగా ఎవరూ చెప్పకపోవడం వల్ల.

మిషను మీద బొంత పాడవడానికి కారణం మిషను కాదు, దాన్ని జాకెట్టు కుట్టిన పద్ధతిలోనే నడపడం. మిషను పళ్లు అడుగు గుడ్డను ముందుకు తోస్తుంటే, పైనున్న ఫుట్ పై గుడ్డను అదిమి పట్టి వెనక్కి ఆపుతుంది. రెండు పొరల జాకెట్టులో ఈ తేడా కంటికి ఆనదు కానీ, మూడు పొరల బొంతలో వరస చివరికి వచ్చేసరికి పై గుడ్డ మిగిలిపోయి, దాన్ని లోపలికి నెట్టి కుట్టవలసి వస్తుంది. మీరు చూసే ముడతలు అవే. పై గుడ్డను కూడా సమంగా నడిపించే వాకింగ్ ఫుట్ బిగించి, కుట్టు పొడవును మూడు మిల్లీమీటర్లకు పెంచి, 14 నంబరు సూది వేసి, పై దారం బిగువు కొద్దిగా తగ్గిస్తే, పెద్దమ్మ గారు చెప్పిన చిల్లుల బాధ కూడా చాలావరకు తగ్గుతుంది.

ఒక ఇబ్బంది మాత్రం నిజం. ఇంటి మిషను మెడ కింద ఆరేడు అంగుళాల జాగా మాత్రమే ఉంటుంది. నడిమి వరస కుట్టాలంటే 30 అంగుళాల గుడ్డను చుట్టగా చుట్టి ఆ జాగాలో పట్టించాలి. దూది పెట్టిన బొంత అందులో పట్టదు. అమెరికాలో ఇందుకోసమే పొడవాటి మెడ ఉన్న లాంగ్ ఆర్మ్ మిషన్లు పెట్టుకొని, ఇతరులు కుట్టిన పైభాగాలను కూలికి తీసుకొని పూర్తి చేసి ఇచ్చేవారున్నారు. అక్కడ అదొక వృత్తి.

పటమట నుంచి:

చేయా, మిషనా అని తేల్చే ముందు ఆ మధ్య పొరలో ఏం పెట్టబోతున్నారో తేల్చండి, ఎందుకంటే ఎంత దగ్గరగా కుట్టాలన్నది దాన్ని బట్టే ఉంటుంది. విడి దూది పెడితే వరసలు బాగా దగ్గరగా ఉండాలి, లేకపోతే రెండు ఉతుకులకే దూది ఉండలు కట్టి మూలలకు చేరుతుంది. వాడింగ్‌కు, అంటే మధ్య పొర కోసం షీటుగా అమ్మే మెత్తటి సరుకుకు, కుట్ల మధ్య ఎంత దూరం ఉండవచ్చో తయారీదారులు ప్యాకెట్టు మీదే వేస్తారు. రకాన్ని బట్టి అది మూడు అంగుళాల నుంచి పది అంగుళాల దాకా మారుతుంది. పాలిస్టర్ వాడింగ్ తేలికగా ఉంటుంది, త్వరగా ఆరుతుంది, కానీ చెమటను పీల్చుకోదు. వేసవిలో ఎండ 45 డిగ్రీల దాకా పోయే ఊళ్లో, చలికాలమంటే డిసెంబరు, జనవరి తెల్లవారుజాములు మాత్రమే అయిన ఊళ్లో, అంత మందపు బొంతను ఎవరు కప్పుకుంటారు?

మన పెద్దవాళ్ల బొంతల్లో దూది ఉండేది కాదు. పాత నూలు చీరలే రెండు మూడు మడతలు పొరలుగా ఉండేవి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ నీట మునిగినప్పుడు, మా బంధువుల ఇంట్లో దూది పరుపులు, దూది పెట్టిన దుప్పట్లు వాసన వదలక అన్నీ పారేయవలసి వచ్చింది. చీరల బొంతలు మాత్రం బురద కడిగి, ఉతికి, డాబా మీద ఆరవేస్తే తిరిగి వాడుకకు వచ్చాయి. చీర పొర జరిగి ఉండ కట్టేది కాదు కనుక వరసల మధ్య అయిదారు అంగుళాలు ఉన్నా నష్టం లేదు. దర్జీ గారి 100 గజాలు అప్పుడు 50, 60 గజాలకు తగ్గుతాయి.

తెనాలి నుంచి:

ఉద్యోగరీత్యా హుబ్లీలో ఉన్న రోజుల్లో ఉత్తర కన్నడ జిల్లా ఎల్లాపుర, హళియాళ ప్రాంతాల సిద్ది స్త్రీలు కుట్టే కవండి బొంతలు చూశాను. వారి పూర్వీకులు ఆఫ్రికా నుంచి వచ్చినవారు. వారు ముందు పైభాగం కుట్టి, ఆ తర్వాత పొరలు కలపరు. అడుగు గుడ్డ పరిచి, ఒక మూల నుంచి మొదలుపెట్టి, పాత గుడ్డ ముక్కల అంచులు మడుస్తూ, అన్ని పొరలనూ అప్పటికప్పుడే దూరపు కుట్టుతో కలుపుతూ, చుట్టూ తిరుగుతూ నడుమకు చేరతారు. మూలల్లో ఫూలా అనే మడత ముక్కలు పెడతారు. ముక్క పెట్టినప్పుడే కుట్టు కూడా పడిపోతుంది కాబట్టి, పైభాగం ఒక్కటే తయారై పెట్టెలో కూర్చునే అవకాశమే వారి పద్ధతిలో లేదు. నన్నడిగితే మన చిక్కు చేతిదీ కాదు, మిషనుదీ కాదు. పనిని రెండు వేరు వేరు పనులుగా విడగొట్టడంలో ఉంది. పైగా వారు అంచు నుంచే మొదలుపెడతారు, ముడతలు పడవు. పెద్దమ్మ గారు దీనికేమంటారు?

సత్యనారాయణపురం పెద్దమ్మ:

బాగా అడిగారు నాయనా. వారి బొంతలో తర్వాత పెట్టబోయే ముక్క ఇంకా చేతిలోనే ఉంటుంది. వదులు వస్తే ఆ ముక్క మడతలోకే పోతుంది. ఈ అమ్మాయి దగ్గర ఉన్నది 60 అంగుళాల కుట్టేసిన గుడ్డ, వదులు ఎటూ పోదు. కొత్తగా మొదలుపెట్టేవారికి మీ మాట శిరోధార్యం, ఈ బొంతకు మాత్రం అక్కరకు రాదు.

మంగళగిరి చేనేత ఇంటి కోడలు:

అప్లిక్ గురించి అందరూ పైపైన మాట్లాడి వదిలేశారు. ముందుగా, చిలకల అంచులు మడిచి చేతితో కుట్టినవా, లేక జిగురు షీటుతో ఇస్త్రీ చేసి అంటించినవా అన్నది బ్రాడీపేట వదిన గారు చూసుకోవాలి. మడిచి కుట్టినదైతే చుట్టూ చేతి వరస చాలు. కోసిన అంచు అలాగే వదిలి అంటించినదైతే, పొరలు కలపకముందే అంచు వెంబడి దగ్గరి జిగ్‌జాగ్ మిషను కుట్టు వేయించండి. లేకపోతే కొన్ని ఉతుకులకు పోగులు లేచి చిలక ముక్కు చిరుగుతుంది. ఈ విషయంలో ఒడిశాలో పూరీ దారిలోని పిప్పిలి ఊరి అప్లిక్ పనిని చూపించి మిషను చాలదా అనేవారున్నారు. జగన్నాథుని రథానికి ఎరుపు, పసుపు గుడ్డలు, బలభద్రునికి ఎరుపు, ఆకుపచ్చ, సుభద్రకు ఎరుపు, నలుపు కప్పుతారు. ఆ సంప్రదాయంతో పెరిగిన పని అది, గొప్ప పని. కానీ అక్కడ కుట్టే చాందినీ, అంటే పైన కట్టే పందిరి గుడ్డ, తల మీద ఉంటుంది, బొంత ఒంటి కింద నలుగుతుంది. రెండింటికీ ఒకే కుట్టు సరిపోదు.

పొరలు కలపకముందే చేయవలసిన పని మరొకటుంది. ప్రతి ఎర్ర ముక్క మీద, మెరూన్ ముక్క మీద తడిపిన తెల్లగుడ్డను గట్టిగా రుద్ది చూడండి. రంగు అంటితే ఆ ముక్కను ఇప్పుడే మార్చండి. ఉప్పునీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందన్న మాటను ఇప్పటి రంగుల విషయంలో నమ్ముకోవద్దు. ఏటవాలుగా కోసిన ముక్కలు సాగుతుంటే పలుచగా గంజి పెట్టి ఇస్త్రీ చేయండి, బొంత పూర్తయ్యాక మాత్రం గంజి పోయేలా ఉతికి దాచండి; గంజి గుడ్డకు పురుగు త్వరగా పడుతుంది.

బ్రాడీపేట గృహిణి:

అందరికీ కృతజ్ఞతలు. చిలకల అంచులు మడిచి కుట్టినవే. దూది ఆలోచన మానుకున్నాను. మధ్యలో ఉతికిన నూలు చీర ఒక్కటే పరుస్తాను. నడిమి గడిని పెద్దమ్మ గారు చెప్పినట్టు చేతితో కుట్టి, బయటి గడులకు దర్జీ గారి పద్ధతిలో అయిదు అంగుళాల దూరాన మిషను వరసలు వేయించాలని అనుకుంటున్నాను.

సత్యనారాయణపురం పెద్దమ్మ:

ఒకే బొంతలో రెండు రకాల బిగువు పెడితే ఉతికాక చేతి భాగం వదులుగా ఉబ్బి, మిషను భాగం గుంజుకుంటుందమ్మా. నడిమి గడి పొక్కు తేలినట్టు కనిపిస్తుంది. చేతికుట్టే పెట్టుకుంటే మొత్తం దానితోనే కానీయండి. 60 గజాలే కదా, మీ అత్తగారినీ కూర్చోబెట్టుకోండి.

వన్‌టౌన్ దర్జీ:

మధ్య పొర దూది అయితే పెద్దమ్మ గారి మాట నిజమే. పలుచని చీర అయితే అంత తేడా రాదని నా అభిప్రాయం. అయితే అభిప్రాయాల మీద బొంత కుట్టవద్దు. అవే గుడ్డలతో, అదే చీర ముక్కతో, రెండడుగుల చదరం ఒకటి కుట్టి, అందులో సగం చేతితో, సగం మిషనుతో వరసలు వేయండి. రెండుసార్లు ఉతికి, ఆరాక రెండు సగాలనూ కొలవండి. పావు అంగుళం లోపు తేడా ఉంటే మీ ఆలోచన ప్రకారం చేయవచ్చు, అంతకు మించితే పెద్దమ్మ గారి దారినే పొండి.

అంచు పట్టీ విషయంలో మాత్రం నా మాట వినండి. పట్టీని అంచు వెంబడి పరుస్తూ, చాలినంత కోస్తూ పోవద్దు. అంచులు చేతుల్లో నలిగి సాగి ఉంటాయి, ఆ కొలతకు కోస్తే పట్టీ అలలు తేలుతుంది. బొంత నడిమి వెడల్పు, నడిమి పొడవు కొలిచి, పట్టీ మీద ఆ కొలతలకు గుర్తులు పెట్టి, అంచును ఆ గుర్తులకు సర్దుతూ పిన్నులు గుచ్చండి. రెండున్నర అంగుళాల పట్టీని నిలువుగా సగానికి మడిచి, ముందు వైపు మిషనుతో కుట్టి, వెనక్కి తిప్పి చేతితో హెమ్మింగ్ చేయండి. నిటారు అంచులకు ఏటవాలుగా కోసిన క్రాస్ పట్టీ అక్కర్లేదు, గుడ్డ దండగ.