విశ్రాంత వీసాను నమ్ముకుని ఉన్న ఇల్లు అమ్ముకోవచ్చా?

తీరంబాట:

నాకు 61 ఏళ్లు, నా భార్యకు 58. ఇద్దరికీ పింఛను వస్తుంది. మిగిలిన జీవితం వేరే దేశంలో గడపాలని మూడేళ్లుగా అనుకుంటున్నాం. థాయ్‌లాండ్, మలేషియా, పోర్చుగల్, పనామా దేశాల విశ్రాంత (రిటైర్మెంట్) వీసా నిబంధనలు చదివాను. ఎక్కడ ఎంత డబ్బు చూపించాలో అర్థమైంది. తేలనిది ఒక్కటే. ఉన్న ఇల్లు అమ్మేసి పూర్తిగా వెళ్లిపోవాలా, ఇల్లు అలాగే ఉంచి పింఛనుతో సరిపెట్టుకోవాలా?

మలేషియాకైతే అమ్మక తప్పదు. 2024లో మారిన నిబంధనల ప్రకారం ‘మై సెకండ్ హోమ్’ పథకంలో సిల్వర్ తరగతికే 1,50,000 డాలర్ల ఫిక్స్‌డ్ డిపాజిట్ కావాలి. దానికి తోడు కనీసం 6,00,000 రింగిట్‌ల ఇల్లు కొనాలి. ఇంత చేసినా చేతికొచ్చే వీసా 5 ఏళ్లకే. వెళ్లినవారు, వెళ్లి తిరిగి వచ్చినవారు ఏమంటారో వినాలని ఉంది.

పాస్‌బుక్కు:

అమ్మకండి. ఇంతకంటే గట్టిగా చెప్పడం నాకు చేతకాదు.

థాయ్‌లాండ్ ఉత్తర భాగంలో ఒక ఊళ్లో తొమ్మిదేళ్లుగా ఉంటున్నాను. ఆ దేశమంటే నాకు ప్రాణం. కానీ మనం విశ్రాంత వీసా అని పిలుచుకునేది నిజానికి ఏడాది ఏడాదికీ అడిగి తెచ్చుకునే గడువు. 50 ఏళ్లు నిండి ఉండాలి. బ్యాంకులో 8,00,000 బాత్‌లు గానీ, నెలకు 65,000 బాత్‌ల ఆదాయం గానీ చూపాలి. డబ్బు చూపేవారైతే దరఖాస్తుకు రెండు నెలల ముందు నుంచీ అది ఖాతాలో కదలకుండా ఉండాలి. గడువు పొడిగించిన తర్వాత మూడు నెలలు ముట్టుకోకూడదు. ఆ తర్వాత కూడా 4,00,000 కంటే తగ్గకూడదు. ఇవి 2019 నుంచి ఉన్న షరతులు. అంటే ఆ డబ్బు మీదే, కానీ మీ ఆపదకు మాత్రం అందదు.

గడువు పొడిగించుకునే రోజు ఎలా ఉంటుందో చెబుతాను. తెల్లవారగానే బ్యాంకుకు వెళ్లి ఖాతాలో వంద బాత్‌లు వేస్తాను, పాస్‌బుక్కులో ఆ రోజు తేదీతో ఒక వరుస అచ్చు కావాలి కాబట్టి. బ్యాంకు ఇచ్చే ధ్రువపత్రం కూడా అదే రోజుది కావాలి. ఒక ఏడాది మా శాఖలో పత్రం మీద ముందు రోజు తేదీ వేసి ఇచ్చారు. నేను చూసుకోలేదు. కౌంటర్ దగ్గర అధికారి పాస్‌బుక్కు తెరిచి, బొటనవేలి గోరు వరుస వరుసకూ కిందికి జరుపుకుంటూ వచ్చి, పత్రం దగ్గర ఆగి, నవ్వుతూనే వెనక్కి ఇచ్చేశాడు. గడువు ఆ రోజుతో ముగుస్తోంది. బ్యాంకుకు పరుగెత్తి కొత్త పత్రం రాయించుకుని మధ్యాహ్నం లోపల తిరిగి వెళ్లాను. నాకు 70 ఏళ్లు. ఆ రోజు మెట్లెక్కుతున్నప్పుడు గుండె కొట్టుకున్న తీరు ఇప్పటికీ గుర్తుంది.

ఇది కాక 90 రోజులకోసారి చిరునామా తెలియజేయాలి. దేశం దాటేముందు తిరిగి వచ్చేందుకు అనుమతి తీసుకోవాలి, లేకుంటే ఉన్న గడువు రద్దవుతుంది. మా పక్కింటాయన తల్లి పోయిందన్న కబురు రాగానే విమానం ఎక్కేశాడు, ఆ అనుమతి మాటే గుర్తు రాలేదు. తిరిగొచ్చాక అన్నీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. ఇలాంటి చోట ఉంటూ సొంత దేశంలో తల దాచుకునే చోటు లేకుండా చేసుకోవడం ఏరు దాటకముందే తెప్ప తగలేసుకోవడం.

కొత్తవేరు:

పాస్‌బుక్కు గారూ, మీ కష్టం అర్థమైంది. కానీ ఒక దేశపు పద్ధతిని పట్టుకుని విశ్రాంత వీసాలన్నీ ఇంతే అనడం సరికాదు.

నేను పోర్చుగల్‌లో ఉంటున్నాను. ఆరేళ్ల కిందట ఇల్లు అమ్మి వచ్చాను, ఒక్కరోజూ చింతించలేదు. ఇక్కడి డి7 వీసాకు కనీస వేతనానికి సమానమైన స్థిరాదాయం చూపితే చాలు, 2025లో అది నెలకు 870 యూరోలు. జీవిత భాగస్వామికి అందులో సగం అదనం. మొదట రెండేళ్లు, తర్వాత మూడేళ్ల నివాస కార్డు. ఐదేళ్లు గడిస్తే శాశ్వత నివాసం అడగవచ్చు. ప్రభుత్వ వైద్యంలో పేరు నమోదవుతుంది. మీకు ఏటా మళ్లీ మొదటి మెట్టే. మాకు ప్రతి ఏడాదీ ఒక మెట్టు పైకి.

ఇల్లు ఉంచుకున్నవాళ్లను కూడా చూశాను. అద్దెకున్నవాళ్లు ఖాళీ చేశారని ఒకసారి, పైకప్పు కారుతోందని ఒకసారి, ఏడాదిలో సగం అక్కడే గడిపేస్తారు. నివాస కార్డు ఉన్నవాళ్లు వరుసగా 6 నెలలు, విడివిడిగా మొత్తం 8 నెలలు దాటి బయట ఉండకూడదన్న నియమం ఉంది. మా పరిచయస్తుల్లో ఒకరు అలాగే కార్డు పోగొట్టుకున్నారు. రెంటికీ చెడ్డ రేవడి అంటే అదే. భాష నేర్చుకోవాలన్నా, పొరుగువారితో కలవాలన్నా వెనక్కి చూసే మెడతో కుదరదు.

లెక్కలవాడు:

ఇద్దరూ మీ మీ అనుభవం చెప్పారు. నేను నిబంధనలు మారిన తీరు చెబుతాను, ఎందుకంటే ఇల్లు అమ్మడం వెనక్కి తీసుకోలేని పని, వీసా నిబంధన ఎప్పుడైనా తిరగరాయగలిగే పని.

బ్రిటన్‌లో సొంత ఆదాయం ఉన్న విశ్రాంత వ్యక్తులకు ఒక వీసా ఉండేది. 2008లో కొత్తవారికి మూసేశారు. ఆస్ట్రేలియా తన పెట్టుబడి విశ్రాంత వీసాను 2018లో మూసింది, అప్పటికే ఉన్నవారికి శాశ్వత నివాసానికి దారి ఇచ్చింది, అది మంచి ముగింపు. మలేషియా 2020లో పథకాన్ని ఆపి, 2021లో తిరిగి తెరిచినప్పుడు నెల ఆదాయ షరతును 10,000 రింగిట్‌ల నుంచి 40,000కు పెంచింది. పాతవారికీ వర్తిస్తుందని మొదట ప్రకటించి, నిరసనలు వచ్చాక వారిని ఆదాయ షరతు నుంచి మినహాయించారు. ఆ మధ్య నెలల్లో అక్కడ ఇల్లు కొనుక్కుని ఉన్నవారికి ఎన్ని రాత్రులు నిద్ర పట్టి ఉంటుందో ఊహించండి. ఫిలిప్పీన్స్ ఒకప్పుడు 35 ఏళ్లవారికీ విశ్రాంత వీసా ఇచ్చేది, 2021లో కనీస వయసును 50కి పెంచింది.

కొత్తవేరు గారూ, పోర్చుగల్ దీనికి అతీతం కాదు. 2009లో మొదలైన ప్రత్యేక పన్ను పథకం కింద విదేశీ పింఛనుకు చాలాకాలం పన్నే లేదు. 2020లో 10 శాతం వచ్చింది. 2024 నుంచి కొత్తగా వచ్చేవారికి ఆ పథకమే లేదు, మామూలు శ్లాబుల్లో కట్టాలి. మీరు వచ్చినప్పటి లెక్క తీరంబాట గారికి పనికిరాదు. పింఛను మీద తక్కువ పన్నే ముఖ్యమనుకుంటే ఆయన గ్రీసు చూడాలి. అక్కడ విదేశీ పింఛనుదారులకు 15 ఏళ్ల వరకు 7 శాతం పన్ను పథకం ఉంది.

థాయ్‌లాండ్‌లోనూ 2024 జనవరి 1 నుంచి పద్ధతి మారింది. ఏడాదిలో 180 రోజులు ఉన్నవారు విదేశీ ఆదాయాన్ని దేశంలోకి తెస్తే పన్ను లెక్కలోకి వస్తుంది. ఇల్లు అమ్మిన డబ్బు అక్కడికి పంపాలనుకునేవారు, పంపే ముందే పన్ను నిపుణుణ్ని కలవాలి.

ఇంకొకటి, దీన్ని చాలామంది గమనించరు. పింఛను ఎక్కడి నుంచి వస్తోంది, ఎక్కడ తీసుకుంటున్నారు అన్నది కూడా లెక్కే. బ్రిటన్ ప్రభుత్వ పింఛను ఫిలిప్పీన్స్‌లో ఉంటే ఏటా పెరుగుతుంది. థాయ్‌లాండ్‌లో ఉంటే వెళ్లిన నాటి మొత్తం దగ్గరే ఆగిపోతుంది. అమెరికావారి ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ దేశం బయట సాధారణంగా వర్తించదు. వీసా షరతులు ఎంత చదివినా ఇవి అందులో కనబడవు.

కొత్తవేరు:

పన్ను విషయంలో మీరన్నది నిజం. నేనే ముందు చెప్పవలసింది. కార్డుల పునరుద్ధరణ ఆలస్యమూ నిజమే. 2023 అక్టోబరులో పాత వలస సంస్థను తీసేసి కొత్త సంస్థను పెట్టినప్పుడు లక్షల దరఖాస్తులు పేరుకుపోయి ఉన్నాయి. గడువు దాటిన కార్డులు చెల్లుతాయని ప్రభుత్వం పదేపదే ఉత్తర్వులివ్వవలసి వచ్చింది. అయినా నా మాట మీదే ఉన్నాను. శాశ్వత నివాసానికి దారి ఉన్న దేశానికి వెళ్లేవారు వేరు, దారి లేని దేశానికి వెళ్లేవారు వేరు. మొదటివారు అమ్మవచ్చు.

రెండోపేరు:

నాలుగు రోజులుగా చదువుతున్నాను. రాయాలా వద్దా అని ఆగాను. మీరంతా ఇంటి గురించి వాదిస్తున్నారు. వీసా ఎవరి పేరున ఉంటుందని ఒక్కరూ అడగలేదు.

మేం థాయ్‌లాండ్‌లో ఏడేళ్లు ఉన్నాం. వీసా ఆయనది. నేను ఆయన మీద ఆధారపడిన వ్యక్తిగా ఉన్నాను, అలా అయితే నా కోసం మరో 8,00,000 బాత్‌లు వేయనక్కరలేదు కాబట్టి. అది తెలివైన పని అనుకున్నాం. పాస్‌బుక్కు గారు చెప్పిన ఆ ఖాతా ఆయన ఒక్కరి పేరునే ఉంది.

ఆయన నిద్రలోనే పోయారు. మూడో రోజు బ్యాంకుకు వెళ్లాను. కౌంటర్‌లో అమ్మాయికి నేను తెలుసు. మరణ ధ్రువపత్రం చూసి లేచి ఇవతలికి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. చెయ్యి పట్టుకునే, ఆయన ఆస్తికి కోర్టు ఒక నిర్వాహకుణ్ని నియమించే వరకు ఈ ఖాతా కదలదని చెప్పింది. వీలునామా ఉందన్నాను. ఉన్నా కోర్టుకు వెళ్లాల్సిందే. ఆ ఉత్తర్వు నా చేతికి రావడానికి ఆరు నెలలు పట్టింది.

ఈలోగా నేను అక్కడ ఉండే హక్కు ఏమిటి? నా గడువుకు ఆధారం ఆయన వీసా. ఆయనే లేరు. నా పేరున వేరుగా వీసా తీసుకోవాలంటే నా ఖాతాలో 8,00,000 ఉండాలి. మా డబ్బంతా ఉన్నది ఆ కదలని ఖాతాలో. సొంత దేశంలో ఇల్లు అమ్మి ఏడేళ్లయింది. కూతురింట్లో ఒక గదిలో దిగాను. ఆయన నడకకు వేసుకునే బూట్లు ఎవరికి ఇవ్వాలో తోచక సామానులో సర్ది తెచ్చుకున్నాను. అవి ఇక్కడ మంచం కింద ఉన్నాయి.

ఇల్లు ఉండి ఉంటే బాగుండేది. అంతకంటే ముందు, నా పేరున ఒక ఖాతా, ఒక వీసా ఉండి ఉంటే నేను అక్కడే ఉండేదాన్ని. అక్కడ నాకు స్నేహితులున్నారు. తోట ఉంది. తీరంబాట గారూ, మీ భార్యను ఈ పేజీ చదవమనండి.

పాస్‌బుక్కు:

అమ్మా, ఇది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మా ఇంట్లోనూ అదే ఏర్పాటు. తొమ్మిదేళ్లుగా గడువు గురించే భయపడ్డాను గానీ, నేను లేని రోజు గురించి ఒక్కసారీ ఆలోచించలేదు. ఈ వారంలో ఆమె పేరున ఖాతా తెరుస్తాం.

లెక్కలవాడు:

నేను ఇన్ని లెక్కలు చెప్పి ఈ ఒక్కటి వదిలేశాను, క్షమించండి. తీరంబాట గారూ, మీరు చూస్తున్న నాలుగు దేశాల్లో ఈ కోణంలో పనామా మెరుగు అనిపిస్తోంది. 1987 నాటి చట్టంతో వచ్చిన అక్కడి పెన్షనాడో వీసాకు నెలకు 1,000 డాలర్ల జీవితకాల పింఛను చూపాలి. ఏటేటా పొడిగించుకునే అవసరం లేదు. భార్యను ఆధారపడిన వ్యక్తిగా చేర్చాలంటే మరో 250 డాలర్ల ఆదాయం చాలు, కానీ చాలునన్నంత మాత్రాన అలాగే చేయనక్కరలేదు. ఆమె పింఛనే 1,000 దాటితే ఆమెకు విడిగా దరఖాస్తు పెట్టండి. ఖర్చు కొంచెం ఎక్కువవుతుంది, అంతే.

తీరంబాట:

మీ అందరికీ నమస్కారం. రెండోపేరు గారూ, నా భార్య మీరు రాసింది రెండుసార్లు చదివింది. చదివాక నన్ను అడిగిన మొదటి ప్రశ్న, “నా పేరున ఏముంటుంది?” మూడేళ్లుగా నేను రాసుకున్న పట్టికలో ఆ గడి లేదు.

రాత్రి ఇద్దరం కూర్చుని మళ్లీ రాశాం. ఆమె పింఛను 1,000 డాలర్లు దాటుతుంది, 65,000 బాత్‌లకు అందదు. అంటే పనామాలో ఆమె తన పేరునే అడగగలదు, థాయ్‌లాండ్‌లో అడగాలంటే ఆమె ఖాతాలోనూ 8,00,000 వేయాలి. మలేషియా పట్టికలోంచి తీసేశాం. ఇల్లు ఇప్పుడే అమ్మడం లేదు. రెండేళ్లకు అద్దెకిస్తాం. పనామాలో వర్షాలు గట్టిగా పడే అక్టోబరులో వెళ్లి మూడు నెలలు ఉండి చూస్తాం, బాగున్న నెలల్లో ఏ ఊరైనా బాగానే ఉంటుంది. పోర్చుగల్‌ను ఇంకా వదులుకోలేదు. కొత్తవేరు గారూ, మీ ఇంట్లో కార్డులు ఎలా తీసుకున్నారు?

కొత్తవేరు:

నా ఆదాయం చూపించే ఇద్దరివీ తీసుకున్నాం. ఐదేళ్లు నిండగానే ఆమె పేరున శాశ్వత నివాసానికి వేరుగా పెట్టవలసింది. నేను నాది పెట్టి, ఆమెది తర్వాత చూద్దామన్నాను. సోమవారం ఉదయం న్యాయవాది దగ్గరికి ఇద్దరం వెళ్తున్నాం. ఏం చెప్పారో ఇక్కడే రాస్తాను.