పరీక్షలో అదనపు సమయం, హాజరులో సడలింపు: హక్కా, మిగతా పిల్లలకు అన్యాయమా?

కోనసీమ లెక్చరర్

నమస్కారమండీ. కోనసీమలో ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. సోమవారం మా స్టాఫ్ మీటింగ్‌లో ముగ్గురు విద్యార్థుల అర్జీలు తేల్చాలి. స్టాఫ్‌లో సగంమంది ఒప్పుకోవట్లేదు. ఇక్కడ చదువు చెప్పేవాళ్ళూ, చదువుకునేవాళ్ళూ, తల్లిదండ్రులూ ఉన్నారు కాబట్టి మీ మాట కూడా విందామని రాస్తున్నాను.

బీఎస్సీ కంప్యూటర్స్ చదివే అబ్బాయికి చూపు బాగా తక్కువ. మిడ్ పరీక్షల్లో అదనపు సమయం, పెద్ద అక్షరాల ప్రశ్నపత్రం కావాలన్నాడు. క్లాసులో చూపించే స్లైడ్లు ముందురోజే పంపమన్నాడు. బీకాం అమ్మాయికి తలసీమియా, అంటే తరచూ రక్తం ఎక్కించాల్సిన జబ్బు. హాజరు 75 శాతం నిలబడటం లేదు. మూడో అబ్బాయికి డిస్లెక్సియా. తెలివైనవాడే, చదవడం రాయడం మాత్రం నెమ్మది. అతని సర్టిఫికెట్‌లో వైకల్యం 40 శాతం కంటే తక్కువని వేశారు. అందువల్ల అతనికి ఏమీ ఇవ్వక్కర్లేదని కొందరి వాదన.

నా అభిప్రాయం ముగ్గురికీ ఇవ్వాలనే. 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం వాటిని 21 చేసింది. తలసీమియా, డిస్లెక్సియా అలా చేరినవే. ప్రభుత్వ కాలేజీయే కానక్కర్లేదు, ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఏ విద్యాసంస్థ అయినా విద్యార్థి అవసరాన్నిబట్టి తగిన సర్దుబాటు చేయాలని అందులో స్పష్టంగా ఉంది. అదనపు సమయం, స్క్రైబ్ (విద్యార్థి చెబితే జవాబు రాసిపెట్టే మనిషి), రెండో మూడో భాషల నుంచి మినహాయింపు కూడా 17వ సెక్షన్‌లో పేరుపెట్టి రాశారు.

అయినా మిడ్ మార్కులు ఫైనల్ మార్కుల్లో కలుస్తాయి, మిగతావాళ్ళు ఊరుకోరు అంటున్నారు. ఇవాళ ముగ్గురు, రేపు ముప్ఫైమంది వస్తారని ఇంకొకరి భయం. మీరేమంటారు?

తణుకు నాన్న

మాష్టారూ, మా అమ్మాయి కూడా డిగ్రీయే చదువుతోంది. పొద్దున్న ఐదింటికి లేచి చదివే పిల్ల. ఒక్క మార్కు తేడాతో పీజీ సీటు పోయినవాళ్ళను చూశాం. పరుగు పందెంలో ఒకరిని నాలుగడుగులు ముందు నిలబెడితే అది పందెం అవుతుందా? నాకు ఆ పిల్లల మీద ఏ కోపమూ లేదు. ఫీజు తగ్గించండి, స్కాలర్‌షిప్ ఇవ్వండి, హాస్టల్లో కింది గది ఇవ్వండి, సంతోషం. పరీక్ష గడియారం మాత్రం అందరికీ ఒకటే ఉండాలి.

ఇంకో మాట. సదరం సర్టిఫికెట్లు అన్నీ నిజమైనవేనా? దివ్యాంగ పింఛన్ల విషయంలో ప్రభుత్వమే 2025లో మళ్ళీ డాక్టర్లతో పరీక్షలు చేయించింది కదా. పింఛను కోసం బోగస్ కాగితం తెచ్చేవాళ్ళుంటే మార్కుల కోసం తేరా?

కాకినాడ బ్యాంకు ఉద్యోగి

తణుకు నాన్నగారూ, నేను పుట్టుకతో అంధుణ్ణి. గోదావరి జిల్లాల్లోనే బీకాం చదివి, ఇప్పుడు కాకినాడలో బ్యాంకులో పనిచేస్తున్నాను. ఆ అదనపు గంటలో ఏం జరుగుతుందో చెబుతాను, తర్వాత మీరే నిర్ణయించండి.

మూడు గంటల పరీక్షకు గంట అదనం, అంటే గంటకు కనీసం 20 నిమిషాలు. 2018 ఆగస్టులో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉన్న లెక్క ఇది. స్క్రైబ్ ముందు ప్రశ్నపత్రం మొత్తం చదివి వినిపిస్తాడు. మీ అమ్మాయి ఒక్కసారి కళ్ళు తిప్పి ఏ ప్రశ్న వదిలేయాలో చూసుకుంటుంది. నేను అన్నీ విని, గుర్తుపెట్టుకుని, మూడోది మళ్ళీ చదవమని అడగాలి. తర్వాత జవాబు మాట మాటగా చెప్పాలి. స్టాటిస్టిక్స్ పేపరులో "రూట్ సిగ్మా డి స్క్వేర్ బై ఎన్" అని చెప్పాననుకోండి. ఎన్ రూటు లోపల ఉండాలా, బయట ఉండాలా? స్క్రైబ్‌కి తెలియదు. తెలియకూడదు కూడా, ఎందుకంటే సొంతంగా తెచ్చుకునే స్క్రైబ్ చదువు మనకంటే ఒక మెట్టు తక్కువ ఉండాలని ఆ 2018 మార్గదర్శకాల్లో నిబంధన ఉండేది. కాబట్టి "పొడుగాటి గీత గియ్యి, దాని కింద మొత్తం రాయి" అని చెప్పాలి. అతను రాసింది తిరిగి చదివించుకోవాలి. బ్యాలెన్స్ షీట్‌లో ఒక అంకె పక్క కాలమ్‌లో పడితే వెతకడానికి ఇంకో పది నిమిషాలు. ఇన్నీ అయ్యాక ఆలోచించడానికి నాకు మిగిలే సమయం మీ అమ్మాయికి మిగిలేదానికంటే తక్కువే. పందెంలో నాలుగడుగులు ముందు నిలబడటం కాదండీ ఇది.

ఇంకా పెద్ద బాధ పరీక్షలో కాదు, మిగతా రోజుల్లో. మా కాలంలో తెలుగు నోట్సు అంతా అను ఫాంట్లలో టైప్ చేసేవారు, ఇప్పటికీ చాలాచోట్ల అంతే. అవి యూనికోడ్ (ఏ కంప్యూటరైనా తెలుగు అక్షరంగా గుర్తుపట్టే పద్ధతి) కావు. తెర మీద తెలుగులా కనిపిస్తాయి గానీ, కంప్యూటర్‌కి అవి అర్థంలేని గుర్తులు. ఎన్‌వీడీఏ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, తెర మీది అక్షరాలను చదివి వినిపిస్తుంది. దానికి అను ఫైలు ఇస్తే ఒక్క తెలుగు ముక్క కూడా పలకదు. జిరాక్స్ షాపులో దొరికే నోట్సును ఫోటో తీసి పీడీఎఫ్ చేసి పంపితే అసలు నోరే విప్పదు. క్లాసంతా నెల ముందు చదివింది నాకు పరీక్షకు వారం ముందు, ఎవరో స్నేహితుడు చదివి రికార్డు చేస్తే అందేది. ఆ నెలరోజులు ఏ గంట అదనంతోనూ తిరిగి రావు. కోనసీమ మాష్టారూ, మీ బీఎస్సీ అబ్బాయి అడిగినవాటిలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది స్లైడ్ల సంగతే. దానికి కాలేజీకి పైసా ఖర్చు లేదు.

పరీక్షల విభాగం

నేను ఒక కాలేజీలో పరీక్షల పని చూస్తాను. హక్కు ఉందా లేదా అన్నది నాకు సమస్య కాదు, ఉంది. సమస్య ఎక్కడంటే, పరీక్ష ముందురోజు సాయంత్రం ఐదింటికి ఒక తండ్రి వచ్చి "మావాడికి స్క్రైబ్ కావాలి సార్" అంటాడు. అప్పుడు ఎవరిని తేవాలి? యూనివర్సిటీ పరీక్షకైతే ముందుగా అనుమతి కావాలి. వేరే గది, వేరే ఇన్విజిలేటర్, అదనపు గంటకు ఉండిపోయే అటెండర్ కావాలి. ఒకే గదిలో పెడితే స్క్రైబ్‌కి చెప్పే జవాబు పక్కవాళ్ళకు వినిపిస్తుంది. పోనీ పై అంతస్తులో గది ఇద్దామంటే లిఫ్ట్ లేదు.

అడ్మిషన్ రోజునే సర్టిఫికెట్ తీసుకుని, ఏమేం కావాలో అడిగి ఒక రిజిస్టర్‌లో రాసుకుంటే ఈ హడావుడి సగం పోతుంది. విద్యార్థి వచ్చి అడిగేవరకు ఊరుకోవడం మన కాలేజీల అలవాటు. అడగడానికి సిగ్గుపడే పిల్లలు ఫెయిలయ్యాక గానీ బయటపడరు.

రాజోలు అమ్మ

మాష్టారూ, మీరు రాసిన బీకాం అమ్మాయి ఎవరో నాకు తెలియదు. మా పెద్దమ్మాయికీ తలసీమియానే.

రెండు నుంచి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. కాకినాడ వెళ్ళాలంటే తెల్లవారుజామున బస్సెక్కి అమలాపురం, ఎదుర్లంక వంతెన, యానాం మీదుగా పోవాలి. తిరిగొచ్చేసరికి రాత్రవుతుంది. అది ఒక్క రోజు సంగతి కాదండీ. ఎక్కించే ముందు నాలుగైదు రోజులు హిమోగ్లోబిన్ పడిపోయి మెట్లెక్కలేదు, పుస్తకం ముందు కూర్చుని నిద్రపోతుంది. ఎక్కించిన రక్తంతో ఒంట్లో ఇనుము పేరుకుపోతుంది, దాన్ని తీసేయడానికి రోజూ మాత్రలు. బయటికి చూస్తే మామూలు పిల్లలాగే ఉంటుంది. అందుకే "ఏం జబ్బమ్మా, బాగానే ఉన్నావుగా" అంటారు.

ప్రతి సెమిస్టర్‌కీ హాజరు తగ్గిందని మెడికల్ సర్టిఫికెట్, దాంతోపాటు హాజరు తక్కువైనా పరీక్ష రాయనివ్వడానికి కట్టించుకునే కండొనేషన్ ఫీజు. జ్వరం వచ్చిన పిల్లకు ఒకసారి కట్టమంటే అర్థముంది. జీవితాంతం ఉండే జబ్బుకు ప్రతిసారీ కొత్తగా నిరూపించుకోమంటే ఎలా? మార్కులు కలపమని మేం ఎప్పుడూ అడగలేదు. ఆ రోజుల పాఠం ఎవరైనా పంపించాలి, ఆ రోజు మిడ్ ఉంటే ఇంకో రోజు పెట్టాలి. అంతే.

భీమవరం ఇంజినీరింగ్

అమ్మా, మీరు చెప్పినదానికి నా మద్దతు పూర్తిగా ఉంది. అయితే నాకు ఒక గట్టి సందేహం ఉంది, దాచుకోకుండా అడుగుతాను. ల్యాబ్‌ల సంగతేమిటి? మా దగ్గర చూపులేని విద్యార్థులకు ల్యాబ్‌కి రాకపోయినా సగటు మార్కులు వేసేద్దామని ఒకసారి ప్రతిపాదన వచ్చింది. నేను వ్యతిరేకించాను. డిగ్రీ పట్టా మీద ఆ సబ్జెక్టు వచ్చని రాస్తాం కదా. రానిది వచ్చినట్టు రాస్తే రేపు ఉద్యోగంలో ఇబ్బంది పడేది ఆ విద్యార్థే. ఎక్కడో ఒక గీత గీయాలి.

కాకినాడ బ్యాంకు ఉద్యోగి

భీమవరం మాష్టారూ, మీరు వ్యతిరేకించి మంచి పని చేశారు. మినహాయింపు పేరుతో బయట కూర్చోబెట్టడం కూడా ఒక రకంగా గెంటేయడమే. మచిలీపట్నం దగ్గర పల్లెలో పుట్టిన శ్రీకాంత్ బొల్లాకు చూపు లేదని ఇంటర్‌లో సైన్స్ సీటు ఇచ్చేది లేదన్నారు. ఆయన కోర్టుకు వెళ్ళి సైన్స్ చదివి, తర్వాత అమెరికాలో ఎంఐటీలో చేరారు. ఆయన కోరింది తక్కువ చదువు కాదు, అదే చదువు.

కెమిస్ట్రీ ల్యాబ్‌లో టైట్రేషన్ అనే ప్రయోగంలో రంగు మారడం నేను చూడలేను. పక్కవాడు చూసి "మారింది" అంటాడు. ఎంత ద్రావణం పట్టింది, గాఢత ఎంత, ఎందుకలా మారింది అన్నవి నన్నడగండి. ఆ రంగు చూడటమే కోర్సు సారమా, లెక్క తెలియడమా అన్నది లెక్చరర్లు కూర్చుని ముందే తేల్చుకోవాలి. సారం తగ్గించకుండా దారి మార్చండి. కొన్ని కోర్సుల్లో ఆ దారి దొరకకపోవచ్చు, అది నేనూ ఒప్పుకుంటాను. కానీ వెతకకుండానే దొరకదనకండి.

వినికిడి లేని విద్యార్థిని

నేను పెదాల కదలిక చూసి అర్థం చేసుకుంటాను. మా లెక్చరర్లు బోర్డు వైపు తిరిగి రాస్తూ చెబుతారు. అప్పుడు నాకు పాఠం లేనట్టే. మా వైపు తిరిగి చెప్పమని అడగాలంటే టెన్షన్, క్లాసంతా నన్నే చూస్తారు. మాటలను అక్షరాలుగా మార్చే ఫోన్ యాప్ పెట్టుకుంటాను గానీ, తెలుగూ ఇంగ్లీషూ కలిసిన పాఠంలో అది తడబడుతుంది. పరీక్షలో అదనపు సమయం నాకు పెద్దగా అక్కర్లేదు. అందరికీ ఒకటే మందు అనుకోవద్దు.

తణుకు నాన్న

అందరూ ఓపిగ్గా చెప్పారు, చదివాను. తలసీమియా అమ్మాయి హాజరు విషయంలో నాకు ఇక అభ్యంతరం లేదు. చూపులేనివాళ్ళ గంట కూడా న్యాయమే అనిపించింది. కానీ డిస్లెక్సియా సంగతి మింగుడుపడట్లేదు. కంటికి కనిపించదు, 40 శాతం కూడా లేదు. నెమ్మదిగా రాసేవాళ్ళు ప్రతి క్లాసులో పదిమంది ఉంటారు. వాళ్ళకు లేనిది ఇతనికెందుకు?

పరీక్షల విభాగం

నాన్నగారూ, 40 శాతం అన్నది రిజర్వేషన్‌కి గీత. ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు 40 శాతం, ఆపైన ఉన్నవాళ్ళకు. సర్దుబాటుకు ఆ గీత అక్కర్లేదని 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వికాస్ కుమార్ కేసులో చెప్పింది. రాసేటప్పుడు చెయ్యి పట్టేసే సమస్య ఉన్న అభ్యర్థి, సివిల్స్ పరీక్షలో స్క్రైబ్ ఇవ్వనంటే కోర్టుకు వెళ్ళాడు. ఆ తీర్పు తర్వాత 2022 ఆగస్టులో, 40 శాతం లోపు ఉండి రాయడం కష్టమైనవాళ్ళ కోసం కేంద్రం విడిగా మార్గదర్శకాలు ఇచ్చింది. ప్రభుత్వ డాక్టరు ధ్రువీకరించాలి. మిగతా పదిమందికీ ఆ అబ్బాయికీ తేడా తేల్చేది ఆ పరీక్షే, మన అంచనా కాదు. బోగస్ కాగితం వస్తే తెచ్చినవాడి మీద చర్య తీసుకుందాం, నిజమైనవాణ్ణి దానికి బలిచేయొద్దు.

తణుకు నాన్న

చట్టం ఉందంటే కాదనను. నా షరతు ఒక్కటే. ఎవరికి, ఎందుకు, ఎంత సమయం అన్న నియమం రాతపూర్వకంగా నోటీసు బోర్డులో ఉండాలి. పేర్లు అక్కర్లేదు, నియమం చాలు. లెక్చరర్ మనసునుబట్టి మారకూడదు.

కోనసీమ లెక్చరర్

నాన్నగారూ, ఆ షరతు నాకు నచ్చింది, అర్జీదారులకూ అదే రక్ష. మీటింగ్‌లో ఇలా పెడుతున్నాను. అడ్మిషన్ అప్పుడే అవసరాలు రాసుకునే రిజిస్టర్. మిడ్‌లలో గంటకు 20 నిమిషాలు, కింది అంతస్తులో గది. చికిత్స రోజున పోయిన మిడ్‌కి మరో తేదీ. కండొనేషన్ ఫీజు మా చేతిలో లేదు కాబట్టి, దీర్ఘకాల జబ్బులకు మినహాయించమని యూనివర్సిటీకి ఉత్తరం. లెక్చర్ స్లైడ్లు ముందురోజే క్లాసు గ్రూపులో, అందరికీ. ఆ ముగ్గురికే విడిగా పంపితే మళ్ళీ వాళ్ళను వేరుచేసినట్టవుతుంది.

డిస్లెక్సియా అబ్బాయి విషయంలో మా ఇంగ్లీషు డిపార్ట్‌మెంట్ ఒప్పుకోకపోవచ్చు, స్పెల్లింగులకు మార్కులు కోయకుండా ఎలా అంటున్నారు. భాషా పేపరులో కోసుకోండి, కామర్స్ పేపరులో స్పెల్లింగు కోసం ఎందుకు కోయాలి అన్నది నా వాదన. దానికి ఇంకా మంచి వాదన ఎవరి దగ్గరైనా ఉంటే ఆదివారం లోపు రాయండి.

కాకినాడ బ్యాంకు ఉద్యోగి

స్లైడ్లు పంపేటప్పుడు తెర ఫోటో తీసి పంపకండి మాష్టారూ, అసలు ఫైలే పంపండి. తెలుగుంటే యూనికోడ్‌లో టైప్ చేయించండి. పాత అను ఫైళ్ళను మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. ఒత్తులు కొన్ని తప్పుతాయి, ఒకరు కూర్చుని సరిచూడాలి. మీకు మనుషులు దొరక్కపోతే ఒక సబ్జెక్టు నాకు పంపండి, ఆదివారాలు విని సరిచేసి ఇస్తాను.