కీమో అయ్యాక అమ్మకి షుగరు, బరువు: ఏం పెట్టాలి?

కవిటి నుంచి అడుగుతున్నాను. అమ్మకి 56. రొమ్ము క్యాన్సరుకి ఆపరేషను, కీమో అయిపోయాయి, ఇప్పుడు రోజూ లెట్రోజోల్ మాత్ర. ఏడాదిలో ఏడు కిలోలు పెరిగింది, పరగడుపు షుగరు 138. చూడ్డానికి వచ్చినోళ్లంతా "బలానికి" అని హార్లిక్స్, బత్తాయి రసం. పిన్నేమో అన్నం మానేసి ప్రోటీన్ పొడి పట్టమంటోంది. ఎవరి మాట వినాలండి?

— తమ్ముడూ, విజయనగరంలో డైటీషియన్‌ని. ముందు ఆ పొడి డబ్బా మూత తియ్యకండి. మీ ఉద్దానంలో కిడ్నీ జబ్బులు ఎక్కువన్న సంగతి మీకు నేను చెప్పాలా? కిడ్నీ పరీక్షలు, అంటే సీరం క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీన్ చూపించాకే ప్రోటీన్ ఎంత అన్నది తేలుతుంది. షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ రాయాలన్నా డాక్టరుకి ఆ రిపోర్టే కావాలి.

కీమోలో వాంతులు ఆపడానికి ఇచ్చే డెక్సామెథాసోన్ స్టెరాయిడు, అది షుగరు పెంచుతుంది. మందు ఆగాక ఆ ప్రభావం తగ్గాలి. ఇంకా 138 ఉందంటే మరోసారి చేయించండి. రెండుసార్లు 126 గాని ఆ పైన గాని వస్తే షుగరు జబ్బే. మూడు నెలల షుగరు పరీక్ష ఒక్కదాన్నే నమ్ముకోకండి, రక్తం తక్కువున్నా, ఈమధ్య ఎక్కించినా అది తప్పు చూపిస్తుంది.

అన్నం మానక్కర్లేదు. ఒక కప్పు అన్నం, దానికి రెండింతలు కూర, పప్పో చేపముక్కో. చోడి (రాగి) అంబలి మంచిదే గానీ బెల్లం కలిపి చెంబుడు తాగితే లాభం లేదు. రసాలు ఆపి పండే తినమనండి. ఇంట్లో పని చేయనివ్వకుండా కూర్చోబెడతారు చూడండి, దాంతోనే కండ కరిగి పొట్ట పెరుగుతుంది. నడక వారానికి 150 నిమిషాలకి మెల్లగా చేర్చండి. కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా లేచి కూర్చోవడం, పూటకి పదిసార్లు.

— థాంక్స్ అప్పా. క్రియాటినిన్ రేపే చేయిస్తాను. కీళ్లు నొప్పులంటోంది, లెట్రోజోల్ ఆపేద్దామా?

— బాబూ, మా ఇంటావిడ కూడా అదే మాత్ర మీద ఉంది. సొంతంగా ఆపకండి, క్యాన్సరు తిరగబెట్టకుండా ఇస్తున్న మందది. నొప్పుల సంగతి క్యాన్సరు డాక్టరుకి (ఆంకాలజిస్టు) చెప్తే మార్చే మాత్రలున్నాయి. ఈ లెట్రోజోల్‌తో ఎముకలు గుల్లబారొచ్చు, కొలెస్ట్రాల్ పెరగొచ్చు. ఎముకల గట్టిదనం చూసే డెక్సా స్కాను, కొలెస్ట్రాల్ చూసే లిపిడ్ పరీక్ష, విటమిన్ డి అడగండి. మేమైతే విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సరు ఆసుపత్రికి వెళ్తాం. ఆపరేషనులో చంకలో లింఫు గ్రంథులు తీసుంటే, రక్తం తియ్యడం, బీపీ చూడడం రెండో వైపు చేతికే చెయ్యమనండి.