నైట్ డ్యూటీ భయం, ఉపదేశం లేకుండా నరసింహ మంత్రం చదివితే వికటిస్తుందా?

నైట్‌డ్యూటీ గుంటూరు:
అందరికీ నమస్కారం. గుంటూరు కొత్తపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో స్టాఫ్ నర్సుని. చావులు చూడటం ఈ పనిలో కొత్తేమీ కాదు, కానీ ఈ మధ్య నా షిఫ్టులోనే చిన్న వయసు కుర్రాడొకడు పోయాడు, అప్పట్నుంచి నైట్ డ్యూటీ అంటే మధ్యాహ్నం నుంచే గుండె దడ. రాత్రి రెండు దాటాక వార్డులో మానిటర్ల చప్పుడు తప్ప ఏమీ ఉండదు, ఆ బెడ్ పక్కనుంచి నడవాలంటే కాళ్ళు రావు. డ్యూటీ దిగి ఇంటికొచ్చినా నిద్ర పట్టదు. మా అత్తయ్యేమో ఏదో గాలి సోకిందని ఉప్పు, మిరపకాయలతో దిష్టి తీసింది. తోటి సిస్టర్ నరసింహస్వామి శ్లోకం 'ఉగ్రం వీరం' చదువుకోమంటే మొదలుపెట్టా, కాస్త ధైర్యంగానే అనిపించింది. ఇంతలో యూట్యూబులో ఒకాయన, గురూపదేశం లేకుండా ఇది చదివితే వికటిస్తుంది, ఇంట్లో గొడవలు పుడతాయి అన్నాడు. కింద కామెంటు పెడితే వాట్సాప్‌లోకి రమ్మని, రక్షా యంత్రం పంపిస్తాం 11 వేలు అన్నారు! ఇప్పుడు చదవాలన్నా భయమే, మానాలన్నా భయమే. పైగా నేను నాన్‌వెజ్ తింటాను, వార్డులో చెప్పుల మీదే ఉంటాం, బయట ఉన్న రోజుల్లో సంగతేంటో తెలీదు. తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

బెజవాడ బాబాయ్:
ముందు ఆ నంబర్ బ్లాక్ చెయ్యమ్మా, మిగతావి తర్వాత మాట్లాడుకుందాం. భయపడి వచ్చినవాళ్ళని ఇంకా భయపెట్టి డబ్బు గుంజేవాడి దగ్గర రక్ష ఏముంటుంది, వాడినుంచే నీకు రక్ష కావాలి.

ఇక ఉపదేశం సంగతి. బీజాక్షరాలు, ఒంటినీ చేతుల్నీ తాకుతూ చేసే అంగన్యాస కరన్యాసాలు, పురశ్చరణ, ఇన్ని లక్షల జపం అనే లెక్క ఉన్నవాటిని గురువు దగ్గరే తీసుకోవాలి, అందులో మొహమాటం లేదు. స్తోత్రం, నామం, దండకం వేరే. వాటికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. నువ్వు చదివే 'ఉగ్రం వీరం' అనుష్టుప్ అనే ఛందస్సులో 32 అక్షరాల శ్లోకం. దీన్ని మంత్రరాజమని కొన్ని సంప్రదాయాల్లో ఉపదేశంగానే ఇస్తారు, నిజమే, కానీ చివర 'నమామ్యహం' అని దణ్ణం పెట్టి ముగించే శ్లోకాన్ని భక్తితో చదువుకుంటే వికటిస్తుందని మా ఇంట్లో పెద్దలెవరూ చెప్పగా నేను వినలేదు. అయినా మనసులో ఆ ముల్లు గుచ్చుకుంది కాబట్టి కొన్నాళ్ళు దాన్ని పక్కనపెట్టి ఆంజనేయ దండకమో, నీకు చిన్నప్పట్నుంచి నోటికొచ్చింది ఇంకేదైనానో చదువుకో. భయపడుతూ చదివితే రక్షకోసం చదివి లాభమేంటి?

చెప్పులు, ముట్టు, మాంసం అంటావా, పూజగదికి ఉండే నియమాలు మీ ఇంటి ఆచారం ప్రకారం పాటించు, మనసులో తలుచుకోవడానికి అవేవీ అడ్డు రావు. పైకి చదివేది వాచికం, పెదాలు మాత్రం కదిలేది ఉపాంశువు, అది కూడా లేకుండా చేసేది మానసికం, మూడింట్లో మానసికమే గొప్పదని మనుస్మృతే అంటుంది. ఐసీయూలో పైకి చదివితే ఎలాగూ పేషెంట్లు లేస్తారు.

కృష్ణలంక కుర్రోడు:
అక్కా మా ఇంట్లో ఉరిమినప్పుడల్లా మా నాయనమ్మ మంచం మీద కూర్చుని 'అర్జునా ఫల్గుణా' మొదలెట్టేది, పిడుగు పక్కింటి మీద పడ్డా ఆమె మాత్రం ధనంజయ దాకా చదివాకే కదిలేది. ఇవాళ్టికీ నాకు కరెంటు పోతే ముందు అదే నోట్లోకొస్తుంది, తర్వాతే ఫోన్ టార్చి.

లెక్కల మాస్టారు, తెనాలి:
తమ్ముడు చెప్పిన ఆ అర్జునుడి పది పేర్ల వెనక కథ చాలామందికి గుర్తుండదు. విరాటపర్వంలో ఉత్తరుడు అంతఃపురంలో బోలెడు కోతలు కోసి, తీరా కౌరవసేన కనపడగానే రథం దూకి పరిగెత్తాడు. బృహన్నల వెంటపడి పట్టుకుని, జమ్మిచెట్టు దగ్గరికి తీసుకెళ్ళి, తాను అర్జునుడినని చెప్తే వాడు నమ్మడు, ఏదీ నీ పది పేర్లు చెప్పు అంటాడు. ఆ పేర్లు, ఒక్కొక్కటీ ఎందుకొచ్చిందో విన్నాకే వాడికి వణుకు తగ్గింది. తగ్గాక ఏం చేశాడు? ఇంటికి పోలేదు, పగ్గాలు పట్టుకుని రథం తోలాడు. ఆదిత్యహృదయమూ అంతే. అలసిపోయి ఆలోచనలో పడ్డ రాముడికి అగస్త్యుడు వచ్చి, యుద్ధం మధ్యలో చెప్పింది అది. మూడుసార్లు జపించి రాముడు విల్లు పట్టుకున్నాడు. రావణుణ్ణి స్తోత్రం చంపలేదు, ఆ తర్వాత వేసిన బ్రహ్మాస్త్రం చంపింది.

కాబట్టి సిస్టర్‌గారూ, చదవండి, కానీ దెయ్యాన్ని తరమడానికి అనుకోకండి. ఆ బెడ్ దగ్గరికి వెళ్ళి డ్రిప్ మార్చడానికి కాళ్ళు రావడం కోసం చదవండి. అక్కడ గాలీ లేదు, ధూళీ లేదు అని నా అభిప్రాయం, బాబాయ్‌గారు ఒప్పుకోకపోవచ్చు.

బెజవాడ బాబాయ్:
గాలి సంగతి నేనెక్కడన్నాను మాస్టారూ. ఏదైనా అనుష్ఠానం అంటూ చేస్తే అదంతా ఉత్త మానసిక ధైర్యమేనని తీసిపారెయ్యకండి, అదొక్కటే నా మాట.

గుణదల సిస్టర్:
నేనూ నర్సునే, ఇరవయ్యేళ్ళ సర్వీసు. మేం క్రిస్టియన్లం, మా అమ్మ నైట్ డ్యూటీకి పంపేటప్పుడు 91వ కీర్తన చదివి పంపేది, 'రాత్రివేళ కలుగు భయమునకైనను' అనే మాట అందులోనే ఉంది. నేను జపమాల చెప్పుకుంటాను. ఒక సంగతి చెప్తా, 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇటలీ డాక్టర్ల పరిశోధన ఒకటి వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న 23 మందిచేత లాటిన్‌లో జపమాల ప్రార్థన, 'ఓం మణి పద్మే' అనే మంత్రం చెప్పించి చూస్తే, రెండింటికీ శ్వాస నిమిషానికి ఆరుసార్లకి దిగింది, గుండె లయ కూడా కుదుటపడింది. చిన్న పరిశోధనే, దాన్నిబట్టి దేవుడున్నాడనీ లేడనీ తేలదు. కానీ చెల్లీ, దడ వచ్చినప్పుడు గబగబా చదివితే ఉపయోగం ఉండదేమో అని మాత్రం నాకనిపిస్తుంది. ఒక్కో పాదం ఒక్క ఊపిరిలో, వదిలేటప్పుడు నిదానంగా చెప్పు.

ఇంకోటి, మీ అత్తయ్యకి చెప్పొద్దుగానీ వినిపించుకో. చేతుల్లో పేషెంటు పోయాక నిద్ర పట్టకపోవడం, ఆ చోటికి వెళ్ళలేకపోవడం మన వృత్తిలో అందరికీ ఎప్పుడో ఒకప్పుడు వచ్చేదే. ఎవరూ పైకి అనరు అంతే. ఇన్‌ఛార్జి సిస్టర్‌తో మాట్లాడి కొన్నాళ్ళు ఆ బెడ్ కాకుండా వేరే బెడ్‌లు అడుగు. వారాలు గడిచినా తగ్గకపోతే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చెయ్యి, ప్రభుత్వానిదే, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. మంత్రం మానేయమని నేనెప్పుడూ అనను, రెండూ చెయ్యి.

నైట్‌డ్యూటీ గుంటూరు:
అందరికీ థాంక్స్. వాట్సాప్ వాణ్ణి బ్లాక్ చేశా, చేసేముందు 'మీకు రాబోయేది ఆపలేను' అని వాయిస్ మెసేజ్ కూడా పెట్టాడు మహానుభావుడు. దండకం నాకు సగమే వచ్చు, మా నాన్న దగ్గర నేర్చుకుంటా. నిన్న డ్యూటీలో రెండింటికి ఆ బెడ్ వైపు వెళ్ళేటప్పుడు నిదానంగా ఊపిరి తీస్తూ 'శ్రీ ఆంజనేయం' అనుకుంటూ వెళ్ళా. దడ పోలేదు, కానీ బీపీ చూసి చార్టులో రాసి వచ్చా. అందులో ఇప్పుడొక పెద్దావిడ ఉంది, మంచినీళ్ళు అడిగింది. ఇంకో డౌట్, నరసింహస్వామి శ్లోకం ఆపేశానని స్వామికి కోపం ఉండదు కదా? మంగళగిరి వెళ్ళి రావాలని ఉంది.

బెజవాడ బాబాయ్:
కోపమా! బిందెడు బెల్లంపానకం నోట్లో పోస్తే గుటకేసిన చప్పుడు చేసి, సగం తాగి సగం మనకే వదిలేసే స్వామికి నీమీద కోపమెందుకమ్మా. వెళ్ళిరా. కాకపోతే సాయంత్రం బయల్దేరకు, రాత్రిళ్ళు దేవతలు వచ్చి పూజ చేస్తారని కొండమీద పానకాలస్వామి గుడి మధ్యాహ్నం దాటాక మూసేస్తారు. సాయంత్రం వెళ్తే దిగువ సన్నిధి మాత్రమే దొరుకుతుంది. ఆఫ్ ఉన్న రోజు పొద్దున్నే, కడుపునిండా నిద్రపోయాక వెళ్ళు, నైట్ డ్యూటీ దిగి నిద్రకళ్ళతో ఆ మెట్లు ఎక్కొద్దు.