‘ఫేజ్’కి దశ సరిపోతుందా?

గ్రూపులో అందరికీ నమస్కారం. చేతుల వణుకు ఉన్నవాళ్లకి మెదడు లోపల ఎలక్ట్రోడు పెట్టి కరెంటు ఇచ్చే వైద్యం మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. మామూలుగా సెకనుకు దాదాపు 130 కరెంటు పల్సులు ఆగకుండా వెళ్తుంటాయి. అలా కాకుండా, వణుకు అల ఏ ‘ఫేజ్’లో ఉందో కనిపెట్టి సరిగ్గా అప్పుడే ఇస్తే ఎలా ఉంటుందని ఆక్స్‌ఫర్డ్‌ వాళ్లు చూశారు, 2017లో ఫలితాలు వచ్చాయి. నేను ‘దశ’ అని రాశాను. పై పేరాలో ‘మూడో దశ ప్రయోగాలు’, కింద ‘వ్యాధి తొలి దశ’. మా అమ్మకి చదివి వినిపిస్తే, “ఇంతకీ ఎవరి దశ బాలేదే?” అంది. వేరే మాట ఏమైనా ఉందా?

ఫిజిక్స్ మాస్టారు: దశ మార్చకమ్మా. దశ, దశాభేదం, శృంగం (అల ఎత్తు), ద్రోణి (అల పల్లం) అని ఇంటర్ పిల్లలకి ఏళ్ల తరబడి చెప్పాను. ఫేజ్ అంటే అల తన చుట్టులో ఎంతవరకు వచ్చిందో చెప్పే కోణం, ఒక పూర్తి అలకి 360 డిగ్రీలు. వణుకు సెకనుకు 5 సార్లనుకో, ఒక అలకి 200 మిల్లీసెకన్లు. 90 డిగ్రీలంటే 50 మిల్లీసెకన్లు. ఈ లెక్క చెప్పడానికి దశే ఉండాలి.

వయొలిన్ టీచర్: తాళంలో పాట ఎక్కడ ఎత్తుకోవాలో చెప్పడానికి మాకు ‘గ్రహం’ ఉంది. సమం, అతీతం, అనాగతం. అది పనికొస్తుందేమో చూడండి.

ఒక సభ్యుడు: దశకి తోడు గ్రహం కూడానా! ఇక జాతకం రాసి ఇచ్చేయండి మేడమ్ 😀

ఖమ్మం నుంచి: అక్కా, మా నాయన నోట రోజూ వినే మాట ‘అదను’. మృగశిర కార్తెలో వాన పడగానే విత్తనం వెయ్యడు. చేలోకి పోయి గుప్పెడు మట్టి తీసి పిడికిట్లో బిగిస్తాడు. ఉండ కట్టాలి, వేలితో తడితే విడిపోవాలి. అప్పుడు ‘పదునుంది’ అంటాడు. పదును నేలది, అదను విత్తేవాడిది. మీ వ్యాసంలో కూడా ఈ రెండూ ఉన్నట్టే ఉన్నాయి కదా?

అడిగినామె: తమ్ముడూ, ఉన్నాయి! ఎలుకల మెదడులో, జ్ఞాపకానికి కీలకమైన హిప్పోకాంపస్‌లో థీటా అని ఒక అల నడుస్తుంటుంది. ఆ అల శృంగం మీద ఉండగా చిన్న కరెంటు దెబ్బ వేస్తే నరకణాల మధ్య లంకె బలపడింది. అదే దెబ్బ ద్రోణిలో వేస్తే, అప్పటికే బలపడ్డ లంకె సడలింది. 1997 నాటి ప్రయోగం. కరెంటు అదే, తేడా అంతా కణం పదునులో. ‘ఉత్తేజితం కావడానికి సంసిద్ధ స్థితి’ అని రాసుకున్న ముక్క ఇప్పుడే కొట్టేశాను.

ఫిజిక్స్ మాస్టారు: బాగుంది, ఒప్పుకుంటాను. కాకపోతే ఒక తేడా. సేద్యంలో అదను నాలుగు రోజులుంటుంది, చేను చూసొచ్చి విత్తుకోవచ్చు. ఇక్కడ సెకనుకు ఐదు సార్లు వచ్చి పోతుంది. యంత్రం అలను కొలిచి, లెక్క కట్టి, పల్సు వదిలేలోపు దాటిపోతుంది. అందుకే జరిగిపోయిన అలల్ని బట్టి రాబోయేదాన్ని ముందే అంచనా వేయాలి. వణుకు వేగం మధ్యలో మారిందా, గురి తప్పినట్టే. పైగా మెదడు అలనే నేరుగా కొలుద్దామంటే, మనమిచ్చే కరెంటే ఆ రికార్డింగులో పడి అసలు అలను కప్పేస్తుంది. ఆ 2017 పనిలో వణుకును చెయ్యి కదలిక నుంచి కొలిచారు, అది కూడా రాయి.

అడిగినామె: రాస్తాను మాస్టారూ. డిగ్రీలు వచ్చే చోట దశ ఉంచేశాను. మిగతాచోట ఇలా: “చెయ్యి వణుకును కొలిచే పరికరం అదను చూసి పల్సులు వదులుతుంది. అదను తప్పితే అదే కరెంటు వణుకును పెంచనూ వచ్చు.”

వయొలిన్ టీచర్: మా వైపు ‘అదును’ అంటాం.

ఖమ్మం నుంచి: మీ వైపు రాసేటప్పుడు అలాగే రాయండి టీచర్‌గారూ. ఈ వ్యాసంలో మాత్రం మా నాయన మాటే ఉండనివ్వండి.