గెలిచిన కారుకు బరువు కట్టడం న్యాయమేనా?

ఎంవీపీ కాలనీ (చర్చ ప్రారంభించినవారు):

మిత్రులందరికీ నమస్కారం. మొన్న ఆదివారం ఉదయం విశాఖ బీచ్ రోడ్డులో నడక ముగించుకుని టీ తాగుతూ మనం మొదలుపెట్టిన వాదన తేలకుండానే ఎవరి దారిన వారు వెళ్లిపోయాం కనుక, ఆ ప్రశ్నను ఇక్కడ అందరి ముందూ ఉంచుతున్నాను. టూరింగ్ కార్ల చాంపియన్‌షిప్‌లో బాగా రాణించిన కారుకు తర్వాతి పోటీలో అదనపు బరువు ఎక్కించి దిగమంటారు. ఇది న్యాయమా, కాదా?

టూరింగ్ కార్లంటే మనం రోజూ రోడ్ల మీద చూసే సెడాన్లు, హ్యాచ్‌బ్యాక్‌లనే రేసుకు తగినట్లు మార్చినవి. ఒక్కో కంపెనీ కారు ఒక్కో తీరుగా ఉంటుంది కాబట్టి, వాటిని ఒకే వరుసలో నిలబెట్టాలంటే నిర్వాహకులు ఏదో ఒక సర్దుబాటు చేయక తప్పదు. ఆ సర్దుబాట్లలో పాతదీ, అందరికీ అర్థమయ్యేదీ ఈ బరువు.

నా వాదనకు ఆధారంగా 2004 నాటి యూరోపియన్ టూరింగ్ కార్ చాంపియన్‌షిప్‌ను తీసుకుంటాను. ఇటలీలోని మోంజాలో మొదలై దుబాయ్‌లో ముగిసిన ఆ సీజన్‌లో గెలిచినవారికి 10 పాయింట్లు, ఎనిమిదో స్థానంలో వచ్చినవారికి 1 పాయింటు ఇచ్చేవారు. ఏడాది పొడవునా తలపడిన తర్వాత ఆండీ ప్రియోల్‌కు 111 పాయింట్లు, డిర్క్ ముల్లర్‌కు సరిగ్గా 111 పాయింట్లు వచ్చాయి. ఇద్దరివీ బీఎండబ్ల్యూ 320ఐ కార్లే. ఎక్కువ రేసులు గెలిచినందున టైటిల్ ప్రియోల్‌కు దక్కింది. గెలిచినవారికి బరువు ఎక్కించే పద్ధతి లేకపోతే ఆ సీజన్ చివరి రోజు దాకా అంత బిగువుగా సాగేదని నేను అనుకోను. అందుకే ఈ పద్ధతి న్యాయమైనదేనని నా అభిప్రాయం.

గాజువాక ఆటోనగర్:

అయ్యా, మీ మాటను గౌరవిస్తూనే విభేదిస్తున్నాను. నేను ఇరవై ఏళ్లుగా బ్రేకులు, సస్పెన్షన్ పనులు చేస్తున్నవాడిని. బరువు అనేది కాగితం మీద ఒక అంకె మాత్రమే, కారు కింద మాత్రం అది నాలుగు చోట్ల నాలుగు రకాలుగా పని చేస్తుంది.

సింహాచలం ఘాట్ రోడ్డు దిగే కార్లను గమనించండి. ఇద్దరు కూర్చున్న కారు మలుపు దగ్గర ఒకసారి బ్రేకు నొక్కి వదిలేస్తుంది. అదే కారులో ఐదుగురు కూర్చుని, డిక్కీలో సామాను కూడా ఉంటే డ్రైవరు ముందుగానే బ్రేకు మీద కాలు పెడతాడు, రెండో మలుపు వచ్చేసరికి కాలింకా దాని మీదే ఉంటుంది, కిందికి చేరేసరికి ప్యాడ్లు కాలిన వాసన లోపలికి వస్తుంది. అలాంటి కార్లు నేరుగా మా షెడ్డుకే వస్తాయి కనుక ఆ డిస్కుల రంగు ఎలా నీలంగా మారుతుందో నాకు బాగా తెలుసు. రేసులో ప్రతి ల్యాపులోనూ ప్రతి మలుపులోనూ ఇదే జరుగుతుంది.

ఇక అసలు అన్యాయం చెబుతాను. మీరు చెప్పిన బీఎండబ్ల్యూ వెనక చక్రాలతో నడిచే కారు. ఆ సీజన్‌లో దానితో పోటీ పడిన ఆల్ఫా రోమియో 156, సియాట్ టొలెడో ముందు చక్రాలతో నడిచేవి. ముందు చక్రాల కారులో కారును లాగే పని, తిప్పే పని, ఆపే పనిలో పెద్ద వంతు, మూడూ ముందు టైర్లే చేయాలి. అలాంటి కారుకు 40 కిలోలు కలిపితే రేసు సగానికి ముందు టైర్లు చేతులెత్తేస్తాయి. వెనక చక్రాల కారులో ఆ భారాన్ని నాలుగు టైర్లు పంచుకుంటాయి. ఒకే బరువును ఇద్దరికీ కట్టి ఇద్దరికీ ఒకే శిక్ష వేశామనడం నాకు ఒప్పుదల కాదు.

అనకాపల్లి:

మా అత్తవారిది ఒంగోలు వైపు. సంక్రాంతికి అక్కడ జరిగే బండలాగుడు పోటీలు నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అంటూ ఎడ్ల వయసును బట్టి విభాగాలు చేస్తారు, విభాగాన్ని బట్టి బండ బరువు మారుతుంది. కానీ ఒక విభాగంలోకి దిగిన తర్వాత జతలన్నిటికీ బండ ఒకటే, సమయం ఒకటే, ఎంత దూరం లాగాయన్నదే లెక్క. కిందటేడాది గెలిచిన జతకు ఈ ఏడాది పెద్ద బండ కడతామంటే ఆ రైతు ఊరుకుంటాడా? కార్లకు కూడా ఇంజను పరిమాణాన్ని బట్టి విభాగాలు చేసి, ఎవరి విభాగంలో వారిని స్వేచ్ఛగా పరిగెత్తనిస్తే సరిపోతుంది. మన దేశంలో ఇండియన్ టూరింగ్ కార్స్, జూనియర్ టూరింగ్ కార్స్ అని విడివిడి విభాగాలు పెట్టినది అందుకే కదా.

ఎంవీపీ కాలనీ:

అనకాపల్లి మిత్రులు చెప్పిన పోలిక చాలా బాగుంది, దానికి జవాబు చెప్పకుండా ముందుకు వెళ్లడం సరికాదు. విభాగాల పద్ధతిని బ్రిటన్‌లో దశాబ్దాల పాటు నడిపి చూశారు. 1958లో మొదలైన వారి సెలూన్ కార్ చాంపియన్‌షిప్‌లో పెద్ద ఇంజన్లూ చిన్న ఇంజన్లూ ఒకే ట్రాకు మీద కలిసి పరిగెత్తేవి, ఎవరి విభాగంలో వారికి పాయింట్లు వచ్చేవి, ఆ పాయింట్లన్నీ ఒకే పట్టికలో చేరేవి. దాని ఫలితంగా 1970, 1971, 1972 సంవత్సరాల్లో వరుసగా మూడుసార్లు బిల్ మెక్‌గవర్న్ సన్‌బీమ్ ఇంప్ అనే చిన్న కారుతో మొత్తం చాంపియన్ అయ్యారు. 1986, 1987లలో క్రిస్ హాడ్జెట్స్ టొయోటా కరోలాతో అదే సాధించారు. వారి ప్రతిభను నేను తగ్గించడం లేదు, నిజానికి ఆ చిన్న కార్ల కథ నాకు ఎంతో ఇష్టం. అయితే టికెట్టు కొని స్టాండులో కూర్చున్న ప్రేక్షకుడు ఎప్పుడూ ముందు పరిగెత్తే పెద్ద కారును చూసి ఇంటికి వెళ్లి, చాంపియన్ వేరొకరని తర్వాత తెలుసుకునేవాడు. చివరికి 1991లో 2 లీటర్ల ఇంజన్లతో ఒకే విభాగానికి మారిపోయారు.

మీ బండలాగుడులో ఒక్కో విభాగానికి ఒక్కో బహుమతి ఉంటుంది కాబట్టి ఆ చిక్కు రాదు. ఒకే కిరీటం ఉన్నచోట ఆ చిక్కు వస్తుంది. ఇక మన దేశంలో విభాగాలకు విడివిడి టైటిళ్లు ఉన్నాయన్నది నిజమే, కానీ ఒకే విభాగంలో రెండు మూడు కంపెనీల కార్లు దిగినప్పుడు ఈ సర్దుబాటు ప్రశ్న మళ్లీ మొదటికే వస్తుంది.

సీతమ్మధార:

ఇంతవరకూ ఎవరూ ఎత్తని ఒక విషయం ఉంది. 2004లో పాయింట్లు సమానమైనప్పుడు గెలుపుల లెక్క చూసి టైటిల్ ఇచ్చారు. అంటే నియమాల పుస్తకంలో ఒక పేజీ గెలుపును అన్నిటికంటే పైన పెడుతోంది, మరొక పేజీ గెలిచినవాడి కారుకు బరువు కట్టి వెనక్కి లాగుతోంది. ఒకే పుస్తకం రెండు నాలుకలతో మాట్లాడుతున్నట్టు నాకు అనిపిస్తోంది.

దీనికి తోడు, ఈ పద్ధతి డ్రైవర్లకు కావాలని వెనకబడటం నేర్పుతుంది. వచ్చే వారం తనకు అనుకూలమైన ట్రాకు ఉందని తెలిసిన డ్రైవరు ఈ వారం రెండో స్థానం కోసం ప్రాణం పెట్టడు, ఐదో స్థానంతో సరిపెట్టుకుని తేలికైన కారుతో అక్కడికి వెళ్తాడు. డబ్బు పెట్టి చూడటానికి వచ్చినవారికి ఇది మోసం కాదా?

ఎంవీపీ కాలనీ:

సీతమ్మధార వారి మొదటి మాట మీద రెండు రోజులు ఆలోచించాను. నాకు అందులో వైరుధ్యం కనిపించడం లేదు, పైగా ఆ రెండు పేజీలూ ఒకదానికొకటి అవసరమని అనిపిస్తోంది. బరువు లేకుండా సాధించిన గెలుపు, బరువుతో సాధించిన గెలుపు ఒకటి కావు. పట్టికలో పైనున్నవాడు మోసే భారం అందరికీ తెలిసిందే కాబట్టి, ఆ భారంతోనే మళ్లీ ముందుగా గీత దాటితే ఆ గెలుపుకు విలువ పెరుగుతుంది. అందుకే చివరన సమానమైనప్పుడు గెలుపులను లెక్కించడం సబబు. ప్రియోల్ సంగతే చూడండి. యూరోపియన్ పోటీ 2005లో ప్రపంచ చాంపియన్‌షిప్‌గా మారిన తర్వాత ఆయన 2005, 2006, 2007లలో వరుసగా టైటిల్ గెలిచారు. 2006లో ఆయనకు 73, యోర్గ్ ముల్లర్‌కు 72 పాయింట్లు. బరువు మోస్తూ, మొదటి రేసులోని తొలి 8 మందిని రెండో రేసులో వరుస తిరగేసి నిలబెట్టే నియమాన్ని తట్టుకుంటూ, వరుసగా మూడేళ్లు. సర్దుబాట్లు ప్రతిభను మింగేస్తాయన్న మాటకు ఇంతకంటే గట్టి సమాధానం నా దగ్గర లేదు.

కావాలని వెనకబడటం గురించి మీరు చెప్పింది మాత్రం నిజమైన జబ్బే, ఒప్పుకుంటున్నాను. దానికి జపాన్‌వారు ఒక మందు కనిపెట్టారు. సూపర్ జీటీ అనే వారి రేసుల సిరీస్ టూరింగ్ కార్ల పోటీ కాకపోయినా ఈ విషయంలో మనకు పాఠమే. అక్కడి పై విభాగమైన జీటీ500లో సంపాదించిన ఒక్కో పాయింటుకు 2 కిలోల చొప్పున బరువు లెక్క పెరుగుతుంది, చివరి రేసుకు ముందు రేసులో దాన్ని సగం చేస్తారు, చివరి రేసులో పూర్తిగా తీసేస్తారు. సీజన్ మధ్యలో ఎవరు ఎంత లెక్కలు వేసుకున్నా ఆఖరి రోజున అందరూ బరువు దించుకుని నిలబడాల్సిందే. నేను కోరేది బరువు రద్దు కాదు, ఈ తరహా సడలింపు.

గాజువాక ఆటోనగర్:

చివరి రేసులో బరువు తీసేయాలన్న మాటకు నేను సమ్మతిస్తాను. ముందు చక్రాలు, వెనక చక్రాలు అన్న నా అభ్యంతరం మాత్రం అలాగే ఉంది, దానికి ఎవరూ జవాబు ఇవ్వలేదు. బ్రిటన్‌లో ఒకప్పుడు 75 కిలోల వరకు ఎక్కించేవారు, 2022లో దాన్ని మాని, ఇంజనుకు తోడుగా బ్యాటరీ ఇచ్చే హైబ్రిడ్ శక్తిని ముందున్నవారికి 2024 దాకా తగ్గించి ఇచ్చారు. అది టైర్లనూ బ్రేకులనూ శిక్షించదు కనుక నాకు అదే మెరుగనిపించింది.

అయినా ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. కొన్నేళ్ల కిందట కోరమాండల్ ఎక్కి చెన్నై వెళ్లి, శ్రీపెరుంబుదూరు దగ్గరి ఇరుంగట్టుకోట్టై ట్రాకులో కార్ల రేసులు చూశాను. రేసు అయిపోయిన తర్వాత కార్లను ఒక్కొక్కటిగా తూకం మీదికి తోస్తున్నారు. ఒక కారు తలుపు తెరిచి ఉంది. డ్రైవరు పక్కన సీటు ఉండాల్సిన చోట నేల మీద ఇనుప పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చి బోల్టులతో బిగించి ఉన్నాయి, బోల్టు తలల మీదుగా తీగ చుట్టి సీలు వేశారు. ఆ కారు మెకానిక్ కుర్రాడు తూకం అంకె చూసి తల ఊపి, ఎవరూ అడగకుండానే వంగి ఆ సీలును వేలితో ఒకసారి తడిమి చూసుకున్నాడు. ఎవరి మీద ఎంత భారం ఉందో ఆ షెడ్డులో ప్రతి ఒక్కరికీ కళ్ల ముందు కనిపిస్తోంది. హైబ్రిడ్ శక్తిలో కోత పెడితే అది కంప్యూటరు తెరమీద తప్ప ఎవరికీ కనిపించదు. మీ పక్షాన చెప్పదగిన మాట నాకు ఈ చర్చ మొత్తంలో ఇదొక్కటే దొరికింది, దాన్ని మీకే వదిలేస్తున్నాను.